గజల్‌ను గడప దాటించిన గాయకుడు

కళను జనానికి దగ్గర చేస్తే కళ పలచబడిపోతుందని ఒక వాదం వుంది. ఇది కొత్తదేం కాదు. పద్యాన్ని సినిమాలో పాడితే పద్యం చెడిందన్నారు, పురాణాన్ని వాడుక భాషలో రాస్తే పురాణం చెడిందన్నారు. సైన్సుని తెలుగులో చెబితే సైన్సు చెడుతుందని నమ్మేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. పాలల్లో నీళ్ళు కలిపితే పాలు పలచబడతాయన్నది నిజమే. కానీ కళ పాలలాంటిదేనా? ఈ ప్రశ్నకి జవాబు వెతకటానికి జగ్జీత్ సింగ్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆయన్ని మెచ్చుకునేవాళ్ళూ, తప్పుపట్టేవాళ్ళూ ఒప్పుకునే మాట ఒకటే - గజల్‌ను ఆయన మార్చేడు. ఆ మార్పు మంచికా చెడుకా అన్న దగ్గరే పేచీ.

ముందు గజల్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి. మనలో చాలామందికి గజల్ అంటే నెమ్మదిగా, దిగులుగా సాగే హిందీ పాట. అది సరికాదు. గజల్ అన్నది రాగం పేరూ కాదు, బాణీ పేరూ కాదు. అది ఒక పద్య రూపం. అరబ్బీలో పుట్టి, పారశీకంలో పెరిగి, ఉర్దూలో స్థిరపడింది. రెండేసి పాదాల 'షేర్'లు కొన్ని కలిస్తే ఒక గజల్. ప్రతి షేర్ చివరా మళ్ళీ మళ్ళీ వచ్చే మాటని 'రదీఫ్' అంటారు, దానికి ముందు వచ్చే ప్రాసని 'కాఫియా' అంటారు. మొదటి షేర్ అయిన 'మత్లా'లో రెండు పాదాలకీ ఇవి వుండాలి, తర్వాత వాటిలో రెండో పాదానికి వుంటే చాలు. చివరి షేర్ అయిన 'మక్తా'లో కవి తన కలం పేరు చెప్పుకుంటాడు.

మన శతకం గుర్తుకు రావటం లేదూ? శతకంలో ప్రతి పద్యం దేనికదే స్వతంత్రం. ఒక పద్యం నీతి చెబితే ఇంకోటి వేదన చెబుతుంది. అన్నిటినీ కలిపి కట్టేది మకుటం. గజల్లో కూడా ప్రతి షేర్ దేనికదే స్వతంత్రం, కలిపి కట్టేవి ఛందస్సూ, కాఫియా, రదీఫూ. ఇక్కడినుంచి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, పాడేవాడు పది షేర్లలో నాలుగైదు ఎంచుకుని పాడినా గజల్ తెగిపోదు. రెండు, షేర్‌లో అసలు రుచి ఎదురుచూడటంలో వుంది. మొదటి పాదం ఒక మాట అని ఆగుతుంది. రెండో పాదం దాన్ని ఎటు తిప్పుతుందా అని వినేవాడు చెవి రిక్కించి వుంటాడు. కాఫియా పడగానే 'వాహ్!' అంటాడు. ఈ రెండూ గుర్తు పెట్టుకుంటే జగ్జీత్ ఏం చేసేడో తేలిగ్గా బోధపడుతుంది.

ఆయనకి ముందు గజల్ గానానికి పెద్ద వారసత్వం వుంది. బేగం అఖ్తర్ (1914-1974) గొంతులో గజల్ ఠుమ్రీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. పాకిస్తాన్లో మెహదీ హసన్ ఒక్కొక్క షేర్‌నీ రాగంలో విస్తరించి పాడేవాడు. సైగల్, తలత్ మహమూద్ సినిమాల ద్వారా గజల్‌ను ఇంటింటికీ తెచ్చినా, 1970లు వచ్చేసరికి సినిమా పాట దారి మార్చుకుంది. మహఫిల్లో పాడే గజల్‌ను పూర్తిగా ఆస్వాదించాలంటే ఉర్దూ రావాలి, కొంత రాగజ్ఞానం వుండాలి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునే తీరిక వుండాలి. ఈ మూడూ వున్నవాళ్ళు ఏ దేశంలోనైనా కొద్దిమందే. మిగిలినవాళ్ళం గడప బయటే వుండిపోయాం.

జగ్జీత్ 1941 ఫిబ్రవరి 8న రాజస్థాన్లోని శ్రీగంగానగర్లో పుట్టేడు. ఆ వూరి గురించి ఒక్క మాట చెప్పాలి. అది ఎడారి నేల. 1927లో గంగ్ కాలువ తవ్వి సట్లెజ్ నీళ్ళు పారించాకే అక్కడ పచ్చటి చేలు కనిపించేయి. కాలువ కింద బతికే రైతుబిడ్డలకి ఆ సంగతి విలువ వేరే చెప్పక్కర్లేదు. తండ్రి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో చిరుద్యోగి. కొడుకు పెద్ద ఆఫీసరు కావాలని ఆయన ఆశ. కొడుకేమో చూపులేని పండిత్ ఛగన్‌లాల్ శర్మ దగ్గర రెండేళ్ళు, తర్వాత ఉస్తాద్ జమాల్ ఖాన్ దగ్గర కొన్నేళ్ళు ఖయాల్, ఠుమ్రీ, ధ్రుపద్ నేర్చుకున్నాడు. కాలేజీలో సైన్సులో చేరి, తర్వాత జలంధర్ డి.ఎ.వి. కాలేజీలో ఆర్ట్సు డిగ్రీ తీసుకున్నాడు. (సైన్సు గ్రూపు మిత్రులు దీన్ని ఆదర్శంగా తీసుకోవద్దని మనవి!) 1965లో బొంబాయి చేరేడు. వ్యాపార ప్రకటనలకి పాడేడు, పెళ్ళిళ్ళలో పాడేడు. 1969లో గాయని చిత్రను పెళ్ళి చేసుకున్నాడు. 1976లో ఇద్దరూ కలిసి పాడిన 'ది అన్‌ఫర్గెటబుల్స్' అన్న ఎల్.పి. రికార్డు హెచ్.ఎం.వి. ద్వారా వచ్చింది. అప్పటికి బొంబాయి వచ్చి పదకొండేళ్ళు. ఒక్క రాత్రిలో వచ్చిన పేరు కాదది.

ఆ రికార్డులోనూ, తర్వాత వాటిల్లోనూ ఆయన చేసిన మార్పులేమిటి? నాకు తోచినవి ఇవి.

మొదటిది, కవిత ఎంపిక. పాదం పొట్టిగా వుండాలి, మాట తేటగా వుండాలి, భావం మాత్రం లోతుగా వుండాలి. మీర్, గాలిబ్‌ల పక్కనే సుదర్శన్ ఫాకిర్, నిదా ఫాజ్లీ వంటి తన కాలపు కవుల్ని పాడేడు. ప్రేయసీ, మధుపాత్రా మాత్రమే కాకుండా పోగొట్టుకున్న బాల్యం, వదిలేసి వచ్చిన వూరు, నగరంలో ఒంటరితనం ఆయన పాటల్లోకి వచ్చేయి. పట్నం హాస్టల్లో వుండే పల్లెటూరి కుర్రాడికి ఇవి వేరే అర్థం చెప్పాలా?

రెండోది, వాద్యాలు. హార్మోనియం, తబలాల పక్కన గిటార్, వయొలిన్, సంతూర్ వచ్చేయి. పండితులకి ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. కానీ గమనించండి - ఆ వాద్యాలు గొంతు మీదికి ఎక్కవు. షేర్ నడుస్తున్నప్పుడు వెనక నిలబడతాయి, షేరుకీ షేరుకీ మధ్య ఖాళీలో ముందుకొస్తాయి. ఆ ఖాళీలో వినేవాడు విన్నమాటని అరిగించుకుంటాడు. ఉర్దూ బాగా రానివాడికి ఆ కాస్త వ్యవధి చాలా అవసరం. అంటే గిటార్ అలంకారం కోసమే కాదు, అర్థం కోసం కూడా.

మూడోది, పలుకు. ఆయన గొంతు మంద్రంగా, మైకుకి దగ్గరగా, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు వుంటుంది. మొదటి పాదాన్ని రెండు మూడుసార్లు తిప్పి తిప్పి అంటాడు. మనల్ని నిరీక్షణలో నిలబెట్టి, అప్పుడు రెండో పాదం వదులుతాడు. గజల్ లక్షణమే ఎదురుచూపు అన్నాను కదా, దాన్ని ఆయన చెరపలేదు, ఇంకా బలపరిచేడు. మా నాన్న ఒకసారి సెలవుల్లో నా ఫోన్లో ఆయన గజల్ విన్నాడు. నాన్నకి ఉర్దూ రాదు, హిందీ అంతంత మాత్రం. కాసేపు విని, "మాటలు తెలీటంలేదు గానీ, పాడుతున్నట్టు లేదురా, ఏదో చెబుతున్నట్టుంది" అన్నాడు. నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇంతకన్నా మంచి విమర్శ కనపడలేదు.

నాలుగోది, యంత్రం. ఆయన కీర్తి పెరిగిన రోజులూ, మన దేశంలో క్యాసెట్ వ్యాపించిన రోజులూ ఒకటే. ఎల్.పి. రికార్డు కొనాలన్నా, దాన్ని మోగించే యంత్రం కొనాలన్నా డబ్బున్న ఇల్లు కావాలి. క్యాసెట్టు చవక. లారీలోనూ మోగుతుంది, హోటల్లోనూ మోగుతుంది. చాలామంది శాస్త్రీయ విద్వాంసులు రికార్డింగుని కచేరీకి నీడగా చూసేరు. జగ్జీత్ దాన్ని ఒక కళగా నేర్చుకున్నాడు. 1987లో వచ్చిన 'బియాండ్ టైమ్' మన దేశంలో డిజిటల్ మల్టీట్రాక్ పద్ధతిలో రికార్డయిన తొలి ఆల్బమ్‌గా పేరు పొందింది. 'ప్రేమ్ గీత్' (1981), 'అర్థ్' (1982), 'సాథ్ సాథ్' (1982) సినిమాలు ఆయన గొంతుని ఇంకా దూరం తీసుకుపోయేయి.

ఇవన్నీ ఒక ఎత్తు, 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన 'మీర్జా గాలిబ్' ధారావాహిక ఒక ఎత్తు. గుల్జార్ దర్శకత్వం, నసీరుద్దీన్ షా నటన, జగ్జీత్ సంగీతం. గాలిబ్ 1869లో పోయేడు. ఉర్దూ కవుల్లో కష్టమైన వాడని పేరు. అలాంటి కవి గజళ్ళు టీవీ వున్న ప్రతి ఇంటి చావడిలోకీ వచ్చేయి. నాకు ఉర్దూ లిపి రాదు. అయినా ఆ గజళ్ళు విని, తెలియని మాటలు ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల్లో రాసుకుని, ఉర్దూ చదివిన మిత్రుణ్ణి అడిగి అర్థాలు తెలుసుకున్నాను. ఆ తర్వాతే లైబ్రరీలో దాశరథి గారి 'గాలిబ్ గీతాలు' తీసి చదివేను. పాట నన్ను పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళింది. పలచబరిచిన కళ ఈ పని చేయగలదా?

ఇక ఎదుటి వాదం. దాన్ని తేలిగ్గా తీసెయ్యటం న్యాయం కాదు. మెహదీ హసన్ కచేరీలో ఒక షేర్ ఈరోజు ఒకలా, రేపు ఇంకోలా విచ్చుకుంటుంది. గాయకుడు అప్పటికప్పుడు దారి వెతుక్కుంటాడు. వాద్యాలన్నీ ముందే రాసి పెట్టుకున్న రికార్డింగులో ఆ అవకాశం తగ్గుతుంది. ఇంకోటి, తేట మాటల గజళ్ళనే ఎంచుకుంటూ పోతే కష్టమైన గజళ్ళు మరుగున పడతాయి. ఈ రెండూ నిజమైన నష్టాలే.

నేను వరి పండించే ఇంటినుంచి వచ్చినవాణ్ణి. మా తాతల కాలంలో పొడుగు వరి వుండేది. రుచి బాగుండేది, గడ్డి విరివిగా వచ్చేది. కానీ ఎరువు కాస్త ఎక్కువ వేస్తే చేను పడిపోయేది. 1960లలో ఐ.ఆర్.-8 లాంటి పొట్టి వంగడాలు వచ్చేయి. చేను నిలబడింది, గింజ పెరిగింది, దేశానికి తిండి దొరికింది. దాంతోపాటు గడ్డి తగ్గింది. పశువుల మేతకి ఇబ్బందయింది. గింజ లావు, అన్నం రుచి లేదని మొదట్లో తిట్టుకున్నారు కూడా. తర్వాత 1986లో బాపట్లనుంచి సాంబ మసూరి విడుదలైంది. దిగుబడీ వుంది, సన్నదనమూ వుంది. ఏ మార్పయినా ఇంతే. ఏదో ఒకటి ఇచ్చి ఏదో ఒకటి పుచ్చుకుంటుంది. అడగవలసిన ప్రశ్న 'గడ్డి తగ్గిందా?' అన్నది ఒక్కటే కాదు, 'గింజ నిలిచిందా, అది ఎంతమందికి అందింది?' అన్నది కూడా. గజల్లో గింజ అంటే మాట. జగ్జీత్ కొంత గడ్డి వదులుకున్నాడు. గింజని వదులుకోలేదు.

పైగా ఆయన వదులుకున్నది చేతకాక కాదు. ప్రత్యక్ష కచేరీల రికార్డింగులు వినండి. సర్గమ్‌లు, తానాలు ఎంత ధారాళంగా వస్తాయో తెలుస్తుంది. నేర్చుకున్నవాడు తగ్గించుకుంటే అది నిగ్రహం, నేర్చుకోనివాడు తగ్గిస్తే అది కొరత. ఆయన తర్వాత పుట్టుకొచ్చిన క్యాసెట్ గజళ్ళలో చాలావాటికి దెబ్బ ఇక్కడే తగిలింది. ఆయన నెమ్మదినీ, గిటార్నీ, దిగులునీ పట్టుకున్నారు. కవితని ఎంచుకునే చదువునీ, పలుకు మీది శ్రద్ధనీ వదిలేసేరు. గజల్ పలచబడి వుంటే అది ఆ అనుకరణల వల్లే. ఆ బాకీని జగ్జీత్ ఖాతాలో రాయటం న్యాయం కాదు.

మనిషిగా ఆయన జీవితం సుఖంగా సాగలేదు. 1990లో ఒక్కగానొక్క కొడుకు వివేక్ రోడ్డు ప్రమాదంలో పోయేడు. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్ళు, ఇప్పుడు నా వయసు. చిత్ర మళ్ళీ పాడలేదు. జగ్జీత్ మాత్రం పాటనే పట్టుకుని నిలబడ్డాడు. 1991లో లతా మంగేష్కర్‌తో కలిసి 'సజ్దా' చేసేడు. 2003లో పద్మభూషణ్ వచ్చింది. 2011 అక్టోబరు 10న ముంబైలో కన్నుమూసేడు. అప్పటికి డెబ్బై ఏళ్ళు. చివరిదాకా కచేరీలు చేస్తూనే వున్నాడు.

ఇదంతా మనకెందుకు అని అడగవచ్చు. మనకి గజల్ పరాయిదేమీ కాదు. తెలంగాణా సాయుధ పోరాటంలో నిలబడ్డ మఖ్దూం మొహియుద్దీన్ (1908-1969) హైదరాబాదు ఉర్దూ కవి. ఆరుగురు ఉర్దూ కవుల మీద 1990లలో దూరదర్శన్లో వచ్చిన 'కహకషాఁ' ధారావాహికలో మఖ్దూం ఒకరు, సంగీతం జగ్జీత్‌ది. హైదరాబాదు గాయకుడు తలత్ అజీజ్ తొలి రికార్డుని జనానికి పరిచయం చేసిందీ ఆయనే. చిన్నప్పుడు ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డి గారు గజల్ ఛాయని తెలుగులోకి తెచ్చి, రాసి, స్వయంగా పాడి సభల్ని మెప్పించేరు. తెలుగు మాటకి కాఫియా, రదీఫ్ చక్కగా అమరుతాయని నిరూపించేరు.

కానీ నేను ముఖ్యంగా చెప్పదలచింది పద్యం గురించి. ఉర్దూవాళ్ళకి గజల్ ఎలాంటిదో మనకి పద్యం అలాంటిది. ఒకప్పుడు రంగస్థలం మీద పద్యం చివర రాగం నిమిషాల తరబడి సాగేది, జనం 'వన్స్ మోర్' అనేవారు. రాగం గెలిచి ఒక్కోసారి మాట ఓడేది. ఘంటసాల వచ్చి రాగాన్ని మాటకి సరిపడా కుదించి, కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి' పద్యాల్ని రికార్డుల మీద పాడేడు. బడికి వెళ్ళనివాళ్ళు కూడా ఆ పద్యాలు కంఠతా పట్టేరు. జగ్జీత్ గజల్‌కి చేసిన పనిని, అంతకు చాలా ముందే, మన ఘంటసాల పద్యానికి చేసేడన్నమాట. 1974లో ఆయన పోయేడు. ఆ దారిలో తర్వాత ఎంతమంది నడిచేరు?

మన కాలేజీ సాంస్కృతిక వారోత్సవాల్నే తీసుకోండి. సినిమా పాటల పోటీకి పేర్లు కుప్పలు తెప్పలుగా వస్తాయి. పద్య పఠనం పోటీకి నిరుడు ముగ్గురే వచ్చేరు. ముగ్గురూ తెలుగు డిపార్టుమెంటు వాళ్ళే. ఈ ఏడు ఆ అంశమే తీసేస్తే పోలేదా అన్న మాట కూడా వినబడింది. తప్పు విద్యార్థులదేనా? పద్యాన్ని పరీక్షలో ప్రతిపదార్థం రాయటానికే చూపించి, దాన్ని గొంతుతో వినిపించకపోతే ఎవరికి ఇష్టం పుడుతుంది? మా వూళ్ళో నాగలి పట్టినవాడు వేమన పద్యం అంటూ దున్నేవాడని మా తాత చెబుతాడు. ఆ మనుమడు బి.ఎస్సీ.కి వచ్చేసరికి పద్యం తనది కాదనుకుంటున్నాడు. పోతున్నది ఒక పోటీ కాదు, ఒక హక్కు.

అందుకని విద్యార్థి సంఘానికి నాదొక సూచన. పద్యం పోటీని తీసెయ్యకండి, మార్చండి. గిటార్ కట్టుకోనివ్వండి, వయొలిన్ కట్టుకోనివ్వండి. బాణీ ఎవరిది వాళ్ళు కట్టుకోనివ్వండి. షరతులు రెండే పెట్టండి - మాట స్పష్టంగా వినబడాలి, యతి దగ్గర విరుపు తెలియాలి. పాడబోయే పద్యానికి అర్థం ముందు ఒక్క నిమిషం చెప్పాలన్న నియమం పెడితే మరీ మంచిది. తెలుగు లెక్చరర్లు నెలరోజుల ముందు సాయంత్రాలు ఒక గంట మా సైన్సు, కామర్సు వాళ్ళకి కేటాయించి పద్యం చదవటం నేర్పాలి. నేర్చుకోకుండా తేలిక చెయ్యటం కుదరదని జగ్జీత్ జీవితమే చెబుతోంది కనుక, ఈ గంట లేకుండా ఆ గిటార్ వద్దు. పూర్వ విద్యార్థుల్లో రంగస్థలం మీద పద్యం పాడినవాళ్ళు తప్పకుండా వుంటారు. వాళ్ళని న్యాయనిర్ణేతలుగా పిలిస్తే పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ మాట కలుస్తుంది.

కళని జనానికి దగ్గర చెయ్యటం వేరు, కళని తగ్గించటం వేరు. ఈ తేడా తెలిసినవాడు ఏ పాత రూపాన్నయినా బతికించగలడు. గజల్‌ను జగ్జీత్ సింగ్ బతికించినట్టు పద్యాన్ని బతికించే గొంతు మన హాస్టల్లోనే ఏదో గదిలో వుండి వుండొచ్చు. దానికి ఒక మైకు ఇద్దాం.

- బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి